విమానం తోకలో నేను

"చక్కెర తక్కువేసినవు."

"డాక్టర్ తక్కువెయ్యమన్నడు."

"తాగేది డాక్టరా, నేనా?"

"తాగినవు గద, పండుకో. ఇగ చాయ్ లేదు."

మా ఆయనకూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఖాళీ గ్లాసును మంచం పట్టెకు రెండుసార్లు కొట్టాడు, నేను లేదన్నాను, గోడవైపు తిరిగి పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ చివరికి ఏమన్నాడని అడిగేవాళ్ళు. దేవుణ్ణి తలుచుకున్నాడని చెప్పమని మా మరిది నాకు నేర్పించాడు. నేను చక్కెర సంగతే చెప్పాను. ఉన్నది చెప్పడానికి భయమెందుకు?

తాత గ్లాసు ఎందుకట్లా కొట్టేవాడని అడిగావు కదా, మనవరాలా, ఇప్పుడు రాసుకో. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెప్తాను, నువ్వు నీ ఆఫీసు కంప్యూటర్‌లో కొట్టు. నడుమ నడుమ నవ్వకు.

మా ఇంట్లో రెండుసార్లు కొడితే "ఇంకోసారి" అని. ఒకసారి కొడితే "బాగుంది, ముందుకు పో" అని. మూడుసార్లు కొడితే "చెడిపోయింది, తీసెయ్" అని. ఈ భాష మేము విమానం తోకలో నేర్చుకున్నాం.

మా ఆయన రేకుల మిస్త్రీ. బకెట్లు, నూనె డబ్బాలు, పెళ్ళి పెట్టెలు చేసేవాడు. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో నువ్వు నౌకరి చేసే అద్దాల బిల్డింగుకు కొంచెం ఇవతల ద్రాక్షతోట ఉండేది. ఆ తోటలో మందు కొట్టే పంపులు చెడిపోతే ఈయనే బాగుచేసేవాడు. తోట యజమానిని అందరం సాబ్ అనేవాళ్ళం. పట్నంలో పెద్ద నౌకరి చేసి దిగినవాడు. వయసులో ఉన్నప్పుడు విమానం నడపడం నేర్చుకున్నాడట. ఆ పురుగు తలలో అట్లాగే ఉండిపోయింది.

పెద్ద కరువు పోయిన మరుసటి ఏడు, నువ్వు లెక్క కట్టి డెబ్బై మూడు అన్నావు, సరే, ఆ ఏడు సాబ్‌కు పరదేశం నుంచి పెద్ద చెక్కపెట్టె వచ్చింది. అందులో విమానం ఉందని ఊరంతా చూడబోయాం. మూత తీస్తే రేకులు, కాగితాలు, రేకును రేకుకు బిగించే రివిట్లు సంచుల నిండా. మా అత్త ఒంగి చూసి, "గీ రేకులు విమానమైతే మా ఇంటెనక రేకులు రైలుబండి" అని వచ్చేసింది. కొన్ని ముక్కలే తయారుగా వచ్చాయట. మిగిలినవి కాగితం మీద బొమ్మ చూసి మనమే కొట్టుకోవాలట. సాబ్ మా ఆయన్ను పిలిచాడు. ఈయన అప్పటిదాకా విమానం కింది భాగం తప్ప చూసినవాడు కాదు. చేస్తానన్నాడు.

రెక్కల ముక్కలు బాగానే వచ్చాయి. చిక్కంతా తోక మొన దగ్గర పడింది. బకెట్టు ఒకవైపే వంగుతుంది. రేకును చుట్టి అంచు మడిస్తే అయిపోయింది. తోక మొన కోడిగుడ్డు కొసలాగా అన్ని వైపులా వంగాలి. రేకు మాట వినదు. ఒకవైపు నొక్కితే ఇంకోవైపు ముడతలు పడుతుంది, ముడత మీద కొడితే చినుగుతుంది. సాబ్ పుస్తకం చూసి ఒక ఉపాయం చెప్పాడు. రేకుకు బట్టల సబ్బు పూసి మంట మీద పట్టాలి, సబ్బు నల్లబడగానే తీయాలి. అప్పుడు రేకు మెత్తబడుతుంది, ఇసుక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టాలి. ఉపాయం మంచిదే. సబ్బులు మాత్రం నావి. ఒక వారం మా ఇంట్లో బట్టలు మురికిగా, రేకులు శుభ్రంగా ఉన్నాయి. అంత చేసినా రెండు రేకులు చినిగాయి. ఇంకొకటే మిగిలింది, అది వేరే ముక్కకు కావాలి.

అప్పుడు ఈయన కన్ను నా బోగాణి మీద పడింది. పదిమందికి అన్నం ఉడికే అల్యూమినియం బోగాణి. నా పెళ్ళికి మా అమ్మ తన పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఇచ్చింది. తోమి బోర్లించి పోయాను. నేను చేను నుంచి వచ్చేసరికి దాని అంచు ఒక్కటే గోడకు ఆనించి ఉంది, పిల్లలు దొర్లించుకునే చక్రంలాగా. మిగిలినదంతా ద్రాక్షతోట షెడ్డులో విమానానికి తొడిగి ఉంది. సరిగ్గా అతికిందట. సాబ్ ముందు ఒప్పుకోలేదట, ఆ మొన బరువు మోసేది కాదు, గాలికి మూత మాత్రమే అని తర్వాత ఒప్పుకున్నాడట. ఇదంతా మా ఆయన సంతోషంగా చెప్పి, "బువ్వొండే బోగాణికి ఎగిరే నసీబొచ్చింది, ఏందే గట్ల జూస్తవు?" అన్నాడు.

ఆ నిమిషం నుంచి నేను ఆయనతో మాట్లాడడం మానేశాను.

మాట్లాడకుండా సంసారం ఎట్లా నడుస్తుందంటావా? మాకొక మేక ఉండేది. అన్నం పెట్టానని మేకకు చెప్పేదాన్ని. ఉప్పెక్కువైందని ఆయన మేకకు చెప్పేవాడు. నడుమ మేక ఇద్దరి మొహాలూ చూసేది. మా అత్త ఆ మేకకు ఉన్న తెలివిలో సగం మాకుంటే బాగుండేదనేది.

అట్లాంటప్పుడే తోకకు రివిట్లు కొట్టే పని వచ్చింది. ఆ పని ఒక్కరితో కాదు. బయట ఒకరు రివిట్ తల మీద కొట్టాలి, లోపల ఒకరు దాని కాలికి ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. అప్పుడు లోపలి కొస అణిగి పెసరబద్దలాగా గుండ్రంగా అవుతుంది. దిమ్మె కొంచెం జరిగితే కొస పక్కకు ఒరిగిపోతుంది, కల్లు తాగినవాడిలాగా. అట్లా ఒరిగినదాన్ని బర్మాతో తొలిచి తీసేసి కొత్తది కొట్టాలి. తోకేమో గొట్టంలాగా సన్నం. మా ఆయన తల పట్టింది, భుజాలు పట్టలేదు. సాబ్ పొట్ట సంగతి చెప్పనక్కర్లేదు. మా అత్త నన్ను చూపించి, "మా కోడలు పిల్లి లెక్క దూర్తది" అంది. సాబ్ నన్ను అమ్మా అని పిలిచి, నొప్పించకుండా అడిగాడు. నేను ఒప్పుకున్నది సాబ్ మీద గౌరవంతో కాదు, నా బోగాణిని ఒకసారి చూడొచ్చని.

చీర గోచి పెట్టి, గోనెసంచి పరుచుకొని, బ్యాటరీ లైటు పట్టుకొని తల ముందుగా దూరాను. చివరన నా బోగాణి. మా అమ్మ పేరు లోపలివైపు పొక్కులు పొక్కులుగా వేలికి తగిలింది. కాసేపు దానితో మాట్లాడుకున్నాను.

లోపల మాట్లాడితే గొంతు బావిలో ఉన్నట్టు మోగేది, బయటికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా నేను మాట్లాడను కదా. అందుకే సాబ్ ఆ దెబ్బల భాష పెట్టాడు. నాలుగు రోజులు నేను లోపల, ఆయన బయట. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. పెళ్ళయ్యాక మేము అంత సేపు కొట్లాడకుండా ఉన్నది అప్పుడే.

నాలుగో రోజు, కుడివైపు కింది వరుసలో, బోగాణి దగ్గర నుంచి ఏడో రివిట్. ద్రాక్ష రుచి మరిగిన చీమలు షెడ్డు నిండా ఉండేవి. వాటిలో ఒకటి నా చెవిలో దూరి కరిచింది. చెయ్యి అదిరింది. ఆయన సుత్తి అప్పుడే పడింది. చూస్తే రివిట్ పక్కకు పండుకొని ఉంది. మూడు కొట్టాలి. మూడు కొడితే ఆయన బర్మా తెచ్చి, తొలిచి, కొత్తది పెట్టేదాకా నేను చెవిలో చీమతో ఆ గొట్టంలో ఉండాలి. ఒకటి కొట్టాను.

నువ్వట్లా చూడకు. ఆ రేకుల కుప్ప ఎగురుతుందని ఎవరు నమ్మారు? నా బోగాణి మొనకు ఉన్నది ఎగరడమేమిటి? షెడ్డులో పడి ఉంటుంది, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటాయి అనుకున్నాను. కానీ ఒకరోజు ఇంజను బిగించి మోగించారు. తోట చుట్టూ ఉరికించారు. అది ఉరికింది. అప్పుడు నాకు ఆ ఏడో రివిట్ గుర్తొచ్చింది. సాబ్‌ను ఎట్లా ఆపాలని నేను తిప్పలు పడుతుంటే, ద్రాక్ష కోతలు అయ్యాక ఒక సాయంత్రం మా ఆయన వచ్చి మేకతో అన్నాడు, రేపు పొద్దున విమానం లేస్తుంది, సాబ్ వెనక కూర్చునేది తనేనని. వెనక సీట్లో బరువు కావాలట, సిమెంటు బస్తానో మిస్త్రీనో. సిమెంటుతో పోల్చినందుకు ఆయనకు కొంచెం బాధ కలిగింది, అయినా పెళ్ళికోటు తీసి దులిపాడు.

అప్పుడే ఆ మేకతోనైనా నిజం చెప్పేస్తే సరిపోయేది. నోరు రాలేదు. నాలుగు నెలల పంతం అడ్డమొచ్చింది. మొగుడు బతికితే చాలు అని ఒక మనసు, ముందు నేను మాట్లాడితే బోగాణిని ఊరికే వదులుకున్నట్టే అని ఇంకో మనసు.

తెల్లారి మణికొండ నుంచి కూడా జనం వచ్చారు. మా అత్త విమానానికి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టబోతే, ముందర తిరిగే పంకాకు కట్టొద్దని సాబ్ బతిమాలాడు. మా ఆయన కోటు గుండీలు పెట్టుకొని ఎక్కి కూర్చున్నాడు. మొహంలో భయమూ కనిపించింది, సంతోషమూ కనిపించింది. కూర్చున్నవాడు జనంలో నా కోసం వెతికాడు. నాకు అప్పుడు తెలిసింది, ఆయన ఎక్కింది తను కొట్టిన రివిట్ల మీద నమ్మకంతో కాదు, నేను లోపలి నుంచి ఒకటి అని కొట్టిన దెబ్బల మీద నమ్మకంతో.

పోయి ఆయన కోటు పట్టుకొని గుంజాను.

"ఓ అయ్యా, దిగు. తోకల ఒక రివిట్ వంకర పోయింది. నేను మంచిగున్నదని అబద్ధం కొట్టిన."

మా ఆయన రివిట్ సంగతి పట్టించుకోలేదు. నేను మాట్లాడాననేదే ఆయనకు పెద్ద సంగతి.

"నాల్గు నెల్లు నోరు కుట్టుకొని ఇయ్యాల తెరుస్తవా," అన్నాడు. ఆ తర్వాత సాబ్‌వైపు తిరిగి, ఆడమనిషి భయపడి వంక చెప్తోంది, పోనీయండి అన్నాడు.

సాబ్ పోనీయలేదు. ఇంజను ఆపి కిందికి దిగాడు. ఒక్క రివిట్‌తో తోక ఊడిపోదు గానీ, ఒకటి అబద్ధమైతే మిగిలినవన్నీ నిజమని ఎట్లా తెలుస్తుంది అన్నాడు. ఆ మాటకు నేను తలెత్తలేకపోయాను. అన్నీ చూడాలన్నాడు. చూసేదెవరు? దూరగలిగేది నేనే కదా. ఊరి ముందరే గోచి బిగించి దూరాను. ఒక్కో రివిట్ మీద లైటు వేసి, వేలితో తడిమి, ఒకటి కొట్టేదాన్ని. బయట జనం పాటలాగా లెక్కపెట్టేవాళ్ళు. రెండుసార్లు లెక్క తప్పి కొట్లాడుకున్నారు కూడా. అన్నీ అయ్యాక చివరికి ఆ ఏడోదాని దగ్గరికి వచ్చి మూడు కొట్టాను. మా ఆయన నమ్మక, బయట నుంచి రెండు కొట్టాడు, ఇంకోసారి చూడమని. నేను మూడు కొట్టాను. మళ్ళీ రెండు. మళ్ళీ మూడు. మా అత్త బయట నుంచి, ఇంట్ల మేక ముందట కొట్లాట చాలక ఊరు ముందట పెట్టిన్రా అన్నది.

బర్మా వచ్చింది, పాత రివిట్ పోయింది. కొత్తదానికి దిమ్మె ఆనించి, ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. ఆ రోజు చీమ కాదు, పాము కరిచినా కదిలేదాన్ని కాదు. పెసరబద్దలాగా అణిగింది. ఒకటి కొట్టాను. ఆయన తోక మొదట్లో తల పెట్టి అడిగాడు.

"నిజంగనేనా?"

"నిజంగనే. ఎక్కు."

అప్పటికి ఎండెక్కి గాలి లేచింది. సాయంత్రం దాకా ఆగారు. జనం కూడా ఆగారు, తీగలకు మిగిలిన ద్రాక్ష అంతా తినేశారు. పొద్దు వాలుతుండగా విమానం ఉరికి, ఎగిరి, రాళ్ళగుట్ట మీదుగా ఒక చుట్టు తిరిగి, కోడిపెట్టలాగా మూడు గంతులేసి దిగింది. అంతసేపూ నేను కళ్ళు మూసుకున్నాను. ఎగరడం చూసినట్టు తర్వాత అందరికీ చెప్పాను గానీ చూడలేదు. ఇది కూడా రాయి.

మా ఆయన దిగి నడిచొచ్చాడు. కోటు మీద కొంచెం వాంతి. పైనుంచి ఏం కనబడిందని ఊరంతా చుట్టుముట్టి అడిగారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పకుండా నా దగ్గరికి వచ్చి, మన ఇంటి కప్పు మీద నడిమి రేకు తిరగేసి వేసినట్టుంది, వాన నీళ్ళు అందుకే కారుతున్నాయి అన్నాడు. మర్నాడంతా కప్పు మీదే ఉన్నాడు. నేను కింద నిలబడి మేకులు అందించాను, నోటితో మాట్లాడుకుంటూనే. ఆ మేక మాత్రం కొన్నాళ్ళు ఇద్దరి మధ్యా వచ్చి నిలబడేది.

అంతే. ఇప్పుడు నువ్వు కొట్టింది నాకు చదివి వినిపించు. మొదటి నుంచి వద్దు, చీమ కరిచిన కాడి నుంచి చదువు. తప్పు నాదని రాసినవా? రాసినవైతే మంచిదే, ఉండనీ. తక్కిన రివిట్లన్నీ బాగున్నాయని కూడా రాసినవా, బిడ్డా? జర గట్టిగ చదువు.