బండి పెనుకొండలో, శబ్దం మా సందులో

ఎవరైనా దయ్యాల సంగతి మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. హిందూపురంలో మాది నూనె అంగడి. తూకం, రసీదు, సాక్షి, వీటి మధ్యే పెరిగి ముసలిదాన్నయ్యాను. ఎవరు ఏం చెప్పినా "నువ్వు చూసినావా, చూసినోళ్లు చెప్పగా విన్నావా?" అని అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నకే చాలా కథలు ఆగిపోతాయి. ఇది మాత్రం నేను స్వయంగా విన్నది. నాతోపాటు మరొకరు విన్నది. ఫోన్‌లో కూడా నిలిచి ఉన్నది. అందుకే రాస్తున్నాను.

ముందు పెళ్లి సంగతి చెప్పాలి. మా కూతుర్ని ధర్మవరంలో పట్టుచీరల అంగడి వాళ్లకు ఇచ్చాం. ఆమె కూతురు హారిక. దాని పెళ్లి ధర్మవరంలోనే పెట్టుకున్నారు. మా వాళ్లలో గౌరీపూజ అయ్యాక పెళ్లికూతురు మండపానికి నడిచి రాకూడదు. మేనమామ గంపలో కూర్చోబెట్టి మోసుకురావాలి. పీట మీదికి చేరేదాకా పిల్ల కాలు నేలకు తగలకూడదు. ఆ గంప కూడా అమ్మమ్మ ఇంటి నుంచే రావాలి.

హారికకు మేనమామ ఒక్కడే, మా అబ్బాయి మురళి. వాడు కిందటేడు అంగడిలో నూనె డబ్బా ఎత్తబోయి కుడి భుజం జార్చుకున్నాడు. ఇక బరువులు ఎత్తితే మళ్లీ జారుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. హారికేమో ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్ల.

"మామా, ఒక పక్క నువ్వు పట్టుకో, ఇంకో పక్కకు క్రేను మాట్లాడుదాం" అని అదే ఫోన్‌లో నవ్వింది.

పెళ్లికొడుకు వాళ్ల అవ్వ మాత్రం నవ్వలేదు. మేనమామ కాక ఇంకెవరు మోసినా అది మోసినట్టు కాదని కూర్చుంది. రెండిళ్ల మధ్య మాటలు అటూ ఇటూ తిరిగాక పురోహితుడే దారి చెప్పాడు. గంపైనా బండైనా ఒకటే, తెచ్చేది మేనమామ కావాలి, బండి అమ్మమ్మ ఇంటిది కావాలి, కాలు నేలకు తగలకూడదు. దానికి ఆ అవ్వ కూడా ఒప్పుకుంది.

మా ఇంట్లో ఉన్న బండి ఒక్కటే. చనిపోయిన మా ఇంటాయన పాత మోటార్‌సైకిల్. ఇప్పుడు ఆ రకం తయారు చేయడం లేదు. దాని చైను కవరు వదులై గలగలమంటూ ఉంటుంది. ఆ గలగల మా సందులో అందరికీ తెలుసు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. పిండిమర దగ్గర సందులోకి తిరిగేటప్పుడు హారన్ కొట్టకుండా యాక్సిలరేటర్ రెండుసార్లు తిప్పేవాడు. అది వినగానే నేను మంచినీళ్లు ముంచేదాన్ని. ఎదురింటి సరోజమ్మ గేటు తీసేది, ఎందుకంటే సందు ఇరుకు, బండి ముందు చక్రం ఆమె గేట్లోకి పెడితే గానీ మా ఇంటికి తిరగదు. మురళి అట్లా తిప్పడు. పెట్రోలు దండగ అంటాడు.

పెళ్లికి నెలన్నర ముందు నుంచి ఆ బండి ఈల వేయడం మొదలుపెట్టింది. నడుస్తున్నంతసేపూ సన్నగా, పాలు పొంగే ముందు వచ్చే చప్పుడులాగా. వయసైంది లేమ్మా అన్నాడు మురళి.

పెళ్లికి ముందు రోజు పొద్దున వాడు ఆ బండి మీద ధర్మవరం బయలుదేరాడు. కోడలు అంతకుముందే వెళ్లింది. నేనూ సరోజమ్మా సాయంత్రం బాడుగ కారులో పోవాలి.

పెనుకొండ దగ్గరికి పోయేసరికి బండి ఆగిపోయింది. చోక్ లాగితే నడుస్తుంది, వదిలితే ఆగిపోతుంది. వాడు తోసుకుంటూ ఊరి మొదట్లో ఉన్న బాబయ్య అనే మెకానిక్ షెడ్డుకు చేరాడు. బాబయ్య పక్క డబ్బా ఊడదీసి, మోచేతిలాగా వంగిన ఒక నల్లటి రబ్బరు గొట్టం బయటికి లాగాడు. ఇంజను ఊపిరి పీల్చేది దానిగుండానే. ఒక మూతి గాలి వడకట్టే డబ్బాకు, ఇంకో మూతి కార్బొరేటర్‌కు. అది మడత దగ్గర నోరు తెరిచినట్టు చీలింది. ఈల వచ్చింది ఆ చీలికలోంచే.

"ఏమప్పా, దీంతో బజ్జీలు గాని వేసినారా? ఇంత నూనె తాగి ఉండాదే" అన్నాడంట బాబయ్య.

"నూనె అంగడోళ్లం కదబ్బా. ఆయుధపూజకు అన్నిటికీ పూస్తాం."

"ఇనుముకు పూసుకోండి. రబ్బరుకు శెనగనూనె పూస్తే ఉబ్బి ఇట్ల చస్తాది."

అది నిజమే. మా అంగడిలో ఆయుధపూజ రోజు తక్కెడ, రాళ్లు, గరాటు, బండి అన్నీ శెనగనూనెతో తుడిచి బొట్టు పెడతాం. మా ఇంటాయన ఇనుము వరకే తుడిచేవాడు. ఆయన పోయాక మురళి, బండి నిగనిగలాడాలని కనిపించినవన్నీ తుడిచాడు.

ఆ బండి రబ్బరు పెనుకొండలో ఏ అంగట్లోనూ దొరకలేదు. బాబయ్య వేరే బండిది కొత్తది ఒకటి తెచ్చాడు. ఒక మూతి సరిపోయింది. రెండోది బిగుతు. వేళ్లు ఎర్రబడేదాకా తోసినా ఎక్కలేదు.

ఇదంతా అప్పుడు నాకు తెలియదు. మధ్యాహ్నం పన్నెండు దాటి ఉంటుంది. నేను వసారాలో కూర్చొని సారె గంపలు సర్దుతున్నాను. సరోజమ్మ తన గేటు దగ్గర నిలబడి, బెంగళూరులో ఉన్న కూతురికి ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపుతోంది. ఆమె ఎప్పుడూ అంతే, ఎదురుగా మనిషి ఉన్నట్టే చేతులు ఆడిస్తూ మాట్లాడుతుంది.

అప్పుడు బండి వచ్చింది. పిండిమర దగ్గర మలుపు, యాక్సిలరేటర్ రెండుసార్లు, తర్వాత చైను కవరు గలగల. నేను లేచి చెంబుతో నీళ్లు ముంచాను. మురళి ఏదో మరిచి వెనక్కి వచ్చాడనుకున్నాను. ఈ రోజు వీడికి హుషారు ఎక్కువైంది, నాయనలాగా తిప్పుతున్నాడే అని నవ్వుకున్నాను కూడా. సరోజమ్మ మాట ఆపకుండానే గేటు తీసింది.

చెంబుతో బయటికి వస్తే సందు ఖాళీ. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. సరోజమ్మ తీసిన గేటు పట్టుకొని నిలబడి ఉంది.

"అక్కా, మురళి యాడ పెట్టినాడు బండి?"

"నేనూ అదే చూస్తాండా."

ఇద్దరం పిండిమర దాకా నడిచి చూశాం. మర ఆగి ఉంది, ఆ రోజు కరెంటు లేదు. కాబట్టి మర చప్పుడును బండి అనుకున్నామనడానికీ లేదు.

మురళికి ఫోన్ చేశాను. "ఏమబ్బా, వెనక్కి వచ్చినావా?"

"యాడికొచ్చేదిమా, బండి పెనుకొండలో ఇప్పేసి ఉండాది. రబ్బరు ఎక్కల్యా. ధర్మవరానికి చెప్పేస్తా, గంపే అని. నువ్వు మనింటి గంప తీసుకురా. హారికను నేనే ఎత్తుకుంటా."

"భుజమో?"

"పోతే పోనీమా. పిల్ల పెళ్లి ఒకసారే కదా."

నా చేతిలో చెంబు ఉంది. దాన్ని కింద పెట్టేశాను. వాడి గొంతు విన్నాక, చెప్పినట్టే ఎత్తుకుంటాడని నాకు అర్థమైంది. పీటల దగ్గర వాడి భుజం జారితే హారిక పెళ్లి అందరికీ అట్లాగే గుర్తుండిపోతుంది.

అప్పుడు సరోజమ్మ తన ఫోన్ వైపు చూసింది. పంపిన మాటను మళ్లీ పెట్టింది. ముందు ఆమె గొంతు, ఏ చీర తీసుకోవాలో కూతుర్ని అడుగుతోంది. మధ్యలో బండి. రెండుసార్లు యాక్సిలరేటర్. గలగల. "ఉండు పాపా, మురళి వస్తాండాడు, గేటు తీస్తా" అని ఆమె మాట. తర్వాత గేటు కిర్రుమనడం. ఆపైన ఏమీ లేదు.

దాన్ని మురళికి పంపించాం. వాడు షెడ్డులో పెద్దగా పెట్టాడు. కాసేపటికి బాబయ్యే ఫోన్ తీసుకున్నాడు.

"అమ్మా, ఇది ఎప్పటిది?"

"ఇప్పటిదే నాయనా."

"గలగల ఈ బండిదే. నేను చైను కవరు తట్టి చూసినా. కానీ ఇందులో ఈల లేదు. రబ్బరు బాగుండే బండి ఇట్ల కొడ్తాది. సరే. మీ సందులో నడిచిన బండి నా షెడ్డులో నడవకపోతే నాకేం మర్యాద. పెట్టేయండి, చూస్తా."

పక్క టీ అంగడి నుంచి మరిగే నీళ్లు తెప్పించి రబ్బరును అందులో వేశాడంట. అంతకుముందు గోరువెచ్చటి నీళ్లతో చూసి వదిలేశాడు. ఈసారి మెత్తగా అయ్యేదాకా ఆగి, మూతి లోపలి అంచు బ్లేడుతో కొంచెం గీరి, సబ్బు రాసి తిప్పుతూ తోశాడు. కూర్చుంది. క్లిప్పు బిగించి ఒక్క కిక్కు కొడితే లేచింది. చోక్ అక్కరలేదు, ఈల లేదు. మురళి నాకు ఫోన్ చేసి ఇంజను దగ్గర పెట్టాడు. అదే శబ్దం. అప్పటికి మూడు దాటింది.

కారులో పోతూ నేనూ సరోజమ్మా దీన్ని అన్ని వైపుల నుంచీ తూచాం. ఎప్పుడో రికార్డు చేసింది పొరపాటున మోగిందా? ఆ ఫోన్ కూతురు కొనిచ్చి నెల కూడా కాలేదు. ఈల అంతకు ముందు నుంచే ఉంది. ఈల లేని శబ్దం ఆ ఫోన్‌కు దొరికే వీలు లేదు. పోనీ, ఊళ్లో అట్లాంటి బండి ఇంకొకటి ఉందా? తర్వాత విచారించాను. ఉంది, పాత ఇనుము అంగడిలో చక్రాలు లేకుండా. ఇక ఒక్క ప్రశ్న మిగిలింది. మేము విన్నందుకు బండి బాగైందా, బాగవుతుంది కాబట్టి ముందుగా వినబడిందా? ఏ వైపు వేసినా తక్కెడ నిలవలేదు.

సోమందేపల్లి దాటాక సరోజమ్మ ఉన్నట్టుండి నవ్వింది. "గేటు తీసినాను కదా అక్కా, మర్యాదకన్నా లోపలికి రావాల్సింది." నేనూ నవ్వాను. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని అనుమానంగా చూశాడు. భయం ఒక్క క్షణం కూడా వేయలేదు. నిజం చెప్పాలంటే పెళ్లిసందడి నాకు ఆ మధ్యాహ్నమే మొదలైంది.

మరుసటి రోజు గౌరీపూజ అయ్యాక హారిక గది గడపలోంచే బండి మీదికి పక్కకు తిరిగి కూర్చుంది. పట్టుచీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా మా కూతురు పక్కనే నడుస్తూ పట్టుకుంది. మండపం మెట్లకు అంగడి నుంచి తెచ్చిన బల్లలు ఏటవాలుగా వేశారు. పెళ్లికొడుకు స్నేహితులు చప్పట్లు కొడుతున్నారు. బల్లలు హారికకు ఆగుతాయో లేదో అని ఎవరో అంటే, "మీవాడు రేపట్నుంచి ఆగాల, ముందు వాణ్ణి చూసుకోండి" అని బండి మీది నుంచే జవాబిచ్చింది. మురళి ఎంత నిదానంగా నడిపాడంటే చైను కవరు ఒక్కొక్క గల విడివిడిగా వినబడింది. బండి పీట పక్కనే ఆగింది. హారిక కాలు బండి మీది నుంచి నేరుగా పీట మీదికి దిగింది.

పెళ్లికొడుకు వాళ్ల అవ్వ కళ్లద్దాలు పెట్టుకొని వంగింది. హారిక పాదాన్ని చేత్తో ఎత్తి అరికాలు చూసింది. తర్వాత రెండోది చూసింది. పూసిన పసుపు పూసినట్టే ఉంది, మట్టి మరక లేదు.

"మోసినట్టే" అంది. "కానీయండప్పా."

మేళం మోగింది. భోజనాల దగ్గర ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది. అప్పటికి సరోజమ్మ ఆ రికార్డు సగం పందిరికి వినిపించేసింది. ఆ అవ్వ కూడా విన్నట్టుంది. వడ తుంచుతూ నా వైపు వంగి, చాలా మెల్లగా అడిగింది.

"వదినా, ఈడికి తెచ్చింది మీ కొడుకు. ఆడ మీ సందులో నడిపిందెవరు?"

"తెలీదు వదినా" అన్నాను.

ఇప్పటికీ తెలియదు.