అందులో అమ్మ వాటా

జూలై వచ్చిందంటే మా నాన్న ఊరి నుంచి గుంటూరు వస్తారు. బస్సు దిగి, మా ఇంట్లో రెండు ఇడ్లీలు తిని, నా స్కూటరు వెనక కూర్చుని బ్రాడీపేటలో ఆడిటరు గారి దగ్గరికి బయల్దేరతారు. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. పెన్షను మీద బ్యాంకువాళ్ళు ముందే పన్ను కోసుకుంటారు, రిటర్ను వేస్తే అందులో కొంత వెనక్కి వస్తుంది. ఇంతవరకూ అందరి ఇళ్ళలో ఉన్న గొడవే. కానీ ఆడిటరు గారు కంప్యూటర్లో చూసి, ఇంత వెనక్కి వస్తుంది మాస్టారూ అనగానే, ఆ గదిలో ఇంకెవరూ అడగని ప్రశ్న ఒకటి నాన్న అడిగేవారు.

"అందులో మా ఆవిడది ఎంతండి?"

అమ్మకి పెన్షనూ లేదు, పాన్ కార్డూ లేదు. అప్పటికి అసలు అమ్మే లేదు.

అమ్మకంటూ ఉన్నదల్లా ఒంగోలు వైపు తన పేరున ఒక ఎకరం నల్లరేగడి, అందులో మిరప. ఆఖరి పంట వచ్చిన ఏడు రేటు బాగాలేదు. అమ్ముకోవడానికి మనసొప్పక కాయని కోల్డ్ స్టోరేజీలో పెట్టించింది. కడుపులో గడ్డ ఉందని తేలింది ఆ ఎండాకాలంలోనే. జాగ్రత్తగా చూసుకుంటే ఏడాది ఉంటారని డాక్టరు గారు నాన్నను పక్కకు పిలిచి చెప్పారు. అమ్మకి ఆ సంగతి మేం చెప్పలేదు, ఆమె అడగలేదు. మంచం మీద నుంచి కూడా యార్డులో మిర్చి రేటెంతో అడిగేది. తొందరపడి అమ్మకండి, రేటు వస్తుంది అనేది. అన్నట్టే రేటు వచ్చింది. అది చూడటానికి ఆమె లేదు. ఆ ఏడాది కూడా నిండలేదు.

నాన్న ఆ బస్తాలు అమ్మి, చేతికొచ్చిన యాభై వేలూ అమ్మని ఆఖరిదాకా చూసుకున్న ఆసుపత్రికి, బీదవాళ్ళ మందుల కోసం ఇచ్చేస్తానన్నారు. నేను మంచిదే అన్నాను గానీ ఊరుకోలేదు. చర్చిలో కానుక సంచిలో వేస్తే పన్ను తగ్గదు, ఆసుపత్రి ట్రస్టుకైతే పన్ను మినహాయింపు రిజిస్ట్రేషను ఉంది, నోట్ల కట్ట పట్టుకెళ్ళకండి, చెక్కు ఇవ్వండి, మీ పాన్ నంబరుతో రసీదు తీసుకోండి అని వెంటపడ్డాను. రసీదు అమ్మ పేరున రాయమని నాన్న అడిగారట. పోయినవాళ్ళు విరాళం ఇచ్చినట్టు రాయడానికి కుదరదండి అన్నారట అక్కడ. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది.

మరుసటి జూలైలో ఆ రసీదు వల్ల నాన్నకి పన్ను ఐదు వేల చిల్లర తగ్గింది. నేనేదో ఘనకార్యం చేసినట్టు చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

ఎందుకో నాకు తెలుసు. మా ఊళ్ళో కోత పండుగ రోజు ఎవరి చేలో పండింది వాళ్ళు గుడికి, చర్చిని మేం గుడి అనే అంటాం, తెస్తారు. మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు, పత్తి, ఏదుంటే అది. ఆరాధన అయ్యాక గుడి ముందే వేలం. ఎవరి కానుక వాళ్ళు పాడుకోకూడదు, అదీ పద్ధతి. చిన్నప్పుడు నేను పెంచిన కోడిపిల్లని అమ్మ కానుకగా ఇచ్చేసింది. అది వేలానికి వచ్చినప్పుడు, నాన్నా పాడండి, పాడండి అని ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. అమ్మ నా రెక్క పుచ్చుకుని ఇవతలకి లాగింది. ఇచ్చింది మళ్ళీ మన గడప తొక్కితే అది ఇచ్చినట్టే కాదని ఆమె పట్టుదల. అందుకే ఆ ఐదు వేలు నాన్నకి డబ్బులా కనిపించలేదు. మీ అమ్మ కానుక నేనే పాడుకున్నట్టుంది అన్నారు.

నేను ఓపిక తెచ్చుకుని వివరించాను. ఇచ్చింది తిరిగి రాలేదు నాన్నా, ఇచ్చినదాంట్లో సగం మీ ఆదాయంలో లేదనుకుంటారు, ఆ సగం మీద పడాల్సిన పన్ను పడదు, అంతే. చింత చచ్చినా పులుపు చావదు కదా, మాస్టారు కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంటూ కూర్చున్నారు. ఆ లెక్క నేననుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. చివరికి కళ్ళు తెరిచి, ఇది ఆమెదే, ఇదీ ఆసుపత్రికే పోవాలి అన్నారు.

పోయింది. దాని వల్ల మరుసటి ఏడు ఐదు వందల చిల్లర మిగిలింది. అదీ ఆసుపత్రికే వెళ్ళింది. ఏటేటా ఒక సున్నా రాలిపోతున్నా నాన్న మాత్రం ఊరి నుంచి వచ్చి, ఇస్త్రీ చొక్కాలో ఆడిటరు గారి ముందు కూర్చుని అదే ప్రశ్న అడిగేవారు. మీ పెన్షనులోంచి ఇంకో పది వేలు కలిపి ఇవ్వండి, మళ్ళీ బాగానే తగ్గుతుంది అన్నాను ఒకసారి. నాది కలిపితే ఆమెది ఎలా అవుతుందే అన్నారు.

మూడో ఏడు ఆడిటరు గారు కుర్చీ ముందుకు జరుపుకుని మరీ చెప్పారు. కొత్త పద్ధతిలోకి మారితే మీకు అసలు పన్నే పడదు మాస్టారూ, కాకపోతే అందులో ఈ విరాళాల మినహాయింపు ఉండదు. పాతదాంట్లోనే ఉంటే వేలల్లో పన్ను, దాంట్లో అమ్మ వాటాగా తగ్గేది యాభై రూపాయల చిల్లర. నాన్న ఆలోచించలేదు. పాతదాంట్లోనే వేయమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లెక్కలు చెప్పి బతికినవాళ్ళు, ముష్టి యాభై రూపాయల కోసం వేలకు వేలు ధారపోస్తారా అని దారంతా సాధించాను. ఆయన వెనక నా భుజం పట్టుకుని కూర్చున్నారు. ఆ యాభై రూపాయలకి రసీదు రాయమంటే ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసిందట.

ఈ జూలైలో మళ్ళీ వెళ్ళాం. నాన్న అడగకముందే ఆడిటరు గారు చూసి పెట్టుకున్నారు. ఆరు రూపాయలు మాస్టారూ అన్నారు మెల్లగా, అదీ పన్నుని పదులకి సర్దేటప్పుడు పోతుంది. నిరుడు నోరు పారేసుకున్న నేనే, ఈ ఆడిటరు గారు ఒక అబద్ధం చెప్పకూడదా, పదో ఇరవయ్యో అని చెబితే ఈయన సొమ్మేం పోయింది అనుకున్నాను. నాన్న మాత్రం తలూపి, అయితే ఇక కొత్తదాంట్లోనే వేసేయండి అన్నారు.

కింద స్కూటరు దగ్గర ఆయన ముఖం వంక చూడలేకపోయాను. బాధపడకండి నాన్నా అని ఏదో అనబోయాను.

"మొదటి ఏడే లెక్క వేసి చూసుకున్నానమ్మా. మీ అమ్మ వాటా నాలుగేళ్ళు వచ్చి అయిపోతుందని తేలింది" అన్నారు.

నేను బండి తాళం తీశాను. నాన్న వెనక సీటు మీద దుమ్ము అరచేత్తో తుడుచుకుని, ఎక్కి కూర్చున్నారు.

"డాక్టరు గారైతే మీ అమ్మకి ఏడాదే అన్నారు కదా" అన్నారు.