ఉప్పునీళ్ల గ్లాసు

మా బావని ఫౌండ్రీలో అందరూ నిప్పుకోడి అంటారు. మెడ చూస్తే పొడుగు, పనేమో కొలిమి దగ్గర. ఇంకేం పేరు పెడతారు? ఏళ్ల తరబడి కరిగిన ఇనుము అచ్చుల్లో పోశాడు. ఆ వేడికి చెమట ధారలు కడుతుంది కాబట్టి, గంట కొట్టగానే అందరం ఉప్పు కలిపిన నీళ్లు తాగుతాం. ఒకటే బకెట్టు, ఒకటే గ్లాసు, చేతులు మారుతూ ఉంటుంది.

ఆమధ్య బీపీ ఎక్కువుందని మా ఫౌండ్రీ డాక్టరమ్మ ఆయన్ని కొలిమి పని మాన్పించి, గేటు దగ్గర కాపలా కుర్చీలో కూర్చోబెట్టించింది. "తగ్గితే మళ్లీ కొలిమికి పంపే సంగతి చూద్దాం" అంది. ఆ మాట పట్టుకునే బతికాడు మనిషి. లోపల కొలిమి హోరు వినపడితే చాలు, ఆ మెడ ఇంకాస్త సాగేది.

మాత్రలు మింగాడు. మా అక్క వండిన చప్పిడి కూరలు నోరెత్తకుండా తిన్నాడు. బీపీ మాత్రం దిగి రాలేదు. ముగ్గురం మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

"ఇంట్లో ఉప్పు డబ్బా కూడా దాచేశానమ్మా!" అని అక్క మొత్తుకుంది.

బావ నేల చూశాడు. "గంట కొట్టినప్పుడల్లా లోపలికెళ్లి ఓ గ్లాసు తాగొస్తున్నా. అది ఉప్పని కాదమ్మా. మావాళ్లతో కలిసి తాగేది."

"మీ మెదడుకి అదంతా తెలీదు బాబాయ్. ఒంట్లో ఉప్పు పెరిగితే కనిపెట్టే చోటు ఒకటి అందులో ఉంది. అది నరాలకి కబురు పెడుతుంది, అవి రక్తనాళాల్ని బిగిస్తాయి, బీపీ పెరుగుతుంది. కొలిమి దగ్గరైతే చెమటలో పోయేది. కుర్చీలో కూర్చుంటే ఎక్కడికి పోతుంది?"

"మానేస్తే కొలిమికి పంపిస్తారా?"

"అక్కడ తాగకపోతే ఆ వేడికి పడిపోతారు. తాగితే ఇదీ గతి. ఇక వద్దు బాబాయ్."

తిరిగొస్తూ ఇంటి మలుపులో బావ, "ఇనుము పోసేటప్పుడు మొహాన పడే ఆ వెలుతురు... ఎంత బాగుండేదిరా" అన్నాడు.

మర్నాడు గంట కొట్టగానే కొలిమి దగ్గర వాళ్లం మేమే బకెట్టూ గ్లాసూ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాం. ముందు మేం తాగాం. ఆఖర్న గ్లాసు కడిగి, వట్టి కుళాయి నీళ్లు పట్టి బావ చేతికిచ్చాను. గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు:

"ఇవాళ ఉప్పు కాస్త ఎక్కువేశార్రా."