నీడ తీసేసిన లారీ

మా కంప్యూటర్ మేస్టారు పోయారు. వడదెబ్బ. మిట్టమధ్యాహ్నం, తలుపులు బిగించిన రేకుల గదిలో, ఫ్యాను ఆపుకుని కూర్చుని, లారీ నడిపే ఆట ఒకటి పాత కంప్యూటర్ మీద పరీక్షిస్తూ పోయారు. ఇది చదివి మీకు నవ్వొస్తే మీకు తోడు చాలామందే ఉన్నారు. శవం ఇంకా అరుగు మీద ఉండగానే అమలాపురంలో మా వీధి నవ్వింది.

"అరవయ్యేళ్లొచ్చి ఆటాడుకుంటా పోయేరండీ, అదృష్టజాతకం," అన్నాడు ఎదురింటి కొబ్బరికాయల వ్యాపారి.

"ఏ లెవెల్లో పోయేరో మరి," అన్నాడు పక్కనున్నాయన. పాడె మొయ్యడానికి వచ్చిన మనుషులండీ వీళ్లు!

నాకు ఒళ్లు మండింది. మండటానికి నాకేం అర్హత ఉంది కనక? ఆయన బతికుండగా నవ్వినవాళ్లలో మొదటివాణ్ణి నేనే.

నలభై దాటాక నాకు తెలుగు టైపు నేర్పింది ఆయనే. పత్రికల్లో నేను ఎవరెవర్ని ఏ మాటలతో కడిగేశానో, ఆ మాటలన్నీ ఆయన దిద్దిన వేళ్లతో కొట్టినవే. ఆయన పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇనిస్టిట్యూట్ మూసేసి యజమాని ఆ జాగాలో సెల్‌ఫోన్ల షోరూము పెట్టుకున్నాక, మేస్టారు మా డాబా మీది రేకుల గదిలో అద్దెకు దిగారు. "ఇది పాతదైపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అని దుకాణాలవాళ్లు తిప్పి పంపిన కంప్యూటర్లన్నీ ఆ మెట్లెక్కేవి.

పాత యంత్రం మీద కొత్త ఆట నడిచేలా సర్దిపెట్టడంలో ఆయన పద్ధతి ఆయనది. ఆటలో అన్నిటికంటే కష్టమైన చోటు ఎంచుకుని, అక్కడే మూడుసార్లు నడిపేవారు. సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయో తెర మూల ఒక అంకె చూపిస్తుంది. ఇరవై దాటితే ఆట నడిచినట్టు, తగ్గితే నత్తనడక. ఎక్కువ వచ్చిన అంకె ఆయన రాసేవారు కాదు. సగటూ రాసేవారు కాదు. ప్రతిసారీ ఎంత కిందకి పడిందో అదే రాసేవారు.

"సగటు మర్యాద కోసం అబద్ధమాడుద్దండి. అథమం చూడండి," అనేవారు.

తలసరి ఆదాయం మీద నేను రాసిన వ్యాసంలో అందరూ మెచ్చుకున్న వాక్యం అది. ఎవరిదో నేను చెప్పలేదు. మేస్టారు చదివి, మెట్లు దిగొచ్చి, "బాగా రాసేరండీ," అని మళ్లీ మెట్లెక్కారు.

ఈ వేసవిలో ఉప్పలగుప్తం నుంచి ఒకాయన కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. పూర్వం లారీ డ్రైవరు. వానలో ఒక వంతెన మీద జరిగిన ప్రమాదంలో కుడికాలు మోకాలి దాకా పోయింది. లారీ యజమాని తన రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉద్యోగం, ఒక రేకుల షెడ్డు ఇచ్చి, దాన్నే దయ అనిపించుకున్నాడు.

"ఈ ఆటలోనూ వంతెనుందండి మేస్టారూ. వానలో దాటాలండి. ఏం పీకేసినా పర్లేదు, వాన మాత్రం ఉంచండి."

"ఆయ్. ముందు నీడలు తీసేద్దారండి, యంత్రానికి బరువు తగ్గుద్ది. నీడ లేపోయినా లారీ లారీయే. తర్వాత గడ్డి. ఆనక దూరంగా ఉన్న చెట్లు."

"చెట్లు నాకెందుకండీ, నే చూసేది రోడ్డు కదా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ఊరుకోలేదు. "కాలు తీసిన ఆ లారీ యజమాని మీద కేసు వేయించడం మానేసి, కాలు పోయినవాడికి బొమ్మలారీ ఇస్తారా మేస్టారూ? ఇది మత్తుమందు కాదూ?"

డ్రైవరు తల దించుకున్నాడు. మేస్టారు దించలేదు. "కేసు మీరు వేయించండి. వంతెన సంగతి నే చూస్తానండి."

నేను కేసు వేయించలేదు. వ్యాసం రాశాను.

రోహిణీ కార్తె. వేడెక్కితే పాత యంత్రం నెమ్మదిస్తుంది. అందుకే ఆయన సరిగ్గా ఎండ మాడ్చే వేళకి తలుపులు మూసి, ఫ్యాను ఆపి మొదలెట్టేవారు. "చచ్చిపోతారు, ఫ్యానేసుకోండి," అన్నాను. తమాషాకే అన్నాను.

"ఆయన షెడ్డులో ఫ్యాను లేదు కదండీ. మన ఫ్యాను కింద నడిచిందని, అక్కడా నడుస్తుందని ఎలా రాస్తానండీ?"

పేదల బతుకు గురించి నేను ఇన్నేళ్లు ఫ్యాను కిందే కూర్చుని రాశాను.

ఆయన నోటుపుస్తకంలో చివరి పేజీ ఇది: వంతెన, వాన, ఫ్యాను లేదు. మొదటిసారి ఇరవై ఆరు. రెండోసారి ఇరవై నాలుగు. మూడో గడి ఖాళీ.

పెద్దకర్మ అయ్యాక ఆ కంప్యూటర్, నోటుపుస్తకం పట్టుకుని ఉప్పలగుప్తం వెళ్లాను. మధ్యాహ్నం రెండయింది. చెరువులో రొయ్యలకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయి. గట్టు మీద మనిషికి ఫ్యాను లేదు.

డ్రైవరు చెమట తుడుచుకుని మీట నొక్కాడు. లారీ కదిలింది. కింద నీడ లేదు, పక్కన గడ్డి లేదు, దూరాన చెట్లు లేవు. వాన ఉంది. వంతెన ఎక్కింది. మూలనున్న అంకె ఇరవై నాలుగు. పంతొమ్మిది. తొమ్మిది. సరిగ్గా నడిమధ్యలో బొమ్మ కదలడం మానేసింది.

"ఆపేద్దామా?" అన్నాను.

"ఉండండి. లోడుందండి. మధ్యలో దిగిపోతే ఎలాగండీ?"

మూడో గడిలో సున్నా వేశాను. మేస్టారున్నా అదే వేసేవారు. తెర మీద వానచినుకులు ఎక్కడివక్కడ గాలిలో ఆగి ఉన్నాయి. డ్రైవరు మీట మీంచి వేలు తియ్యలేదు.