నార్మల్ అని రాసిన ట్యూబు

ఫ్రీజర్ తలుపు తీయగానే చల్లటి పొగ మణికట్టును పట్టుకుంటుంది. ఇవాళ పొద్దున కూడా పట్టుకుంది, నేను ఎప్పటిలాగే వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. రూతమ్మ గారు పోయి మూడేళ్లయినా, ఆ చలి ఆవిడ చెయ్యేననిపిస్తుంది నాకు.

మచిలీపట్నంలోని ఈ చిన్న ల్యాబ్‌లో నాకు పని నేర్పింది ఆవిడే. అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ల రక్తంలో ఒక ప్రొటీన్ పెరుగుతోందా అని చూడటం మా పని. అది తేలితే జబ్బును ముందే పసిగట్టవచ్చు, మందును సూటిగా దాని మీదికే పంపవచ్చు. ఫ్రీజర్‌లో చనిపోయినవాళ్ల రక్తం కూడా ఉండేది. ట్యూబు తీసేముందు ఆవిడ, "రామ్మా, ఒక్క నిమిషం పనుంది" అని పిలిచేవారు. నాకు ఒళ్లు జలదరించేది.

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అని అడిగాను ఒకసారి.

"మనిషి పోయినా ఆ ప్రొటీన్ ఇంకా సాక్ష్యం చెబుతోంది కదమ్మాయ్. మర్యాదగా పిలవద్దూ?"

పోల్చి చూడటానికి జబ్బు లేనివాళ్ల రక్తమూ కావాలి. ఆవిడతో కలిపి మేం నలుగురం నెలకోసారి ఇచ్చేవాళ్లం. గుడివాడ బస్సు దిగి వస్తూనే అందరికంటే ముందు ఆవిడే చెయ్యి చాపేవారు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని నవ్వేవారు. ఆ ట్యూబుల మీద 'నార్మల్' అని రాసి, కింద పేరు వేసేవాళ్లం. ప్రొటీన్ ఎంత ఎక్కువుంటే, పరీక్ష ప్లేటులో ఆ రక్తం వేసిన గుంట అంత నీలంగా మారుతుంది.

ఒక నెల ఆవిడ గుంట నీలమైంది. నేను దివిసీమలో చేపలమ్మే ఇంట్లో పుట్టాను. చేప పాడైతే మా అమ్మ ముందు ఐసునే తిట్టేది, ఆ సంగతి ఆవిడకీ చెప్పాను. నాదీ అదే బుద్ధి. "కరెంటు పోయి కిట్ చెడిందండీ" అన్నాను, ఆవిడ నమ్మారు. రెండో నెలా నీలమే. ఈసారి ఫ్రీజర్ని తిట్టి మెకానిక్‌ని పిలిపించాను. మిగతా మూడు గుంటలకూ రంగు రాలేదన్న సంగతి నా కళ్లెదుటే ఉంది. ఆవిడ నా మాట నమ్మారే, అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

మూడో నెలా నీలమే, ఈసారి ఆవిడే తన గుంటను పక్క మూడింటితో పోల్చి చూశారు.

"ఐసు బాగానే ఉందమ్మాయ్," అన్నారు మెల్లగా. "మనం చేపనే చూడలేదు."

స్కానింగ్‌లో అండాశయ క్యాన్సరేనని తేలింది. ఆపరేషన్ అయ్యాక ఏడాదిన్నర బతికారు. ఆ రెండు నెలలూ కలిసొచ్చి ఉంటే ఏమయ్యేదో డాక్టర్లు చెప్పలేదు, భయపడి నేనూ అడగలేదు. చివరిసారి ల్యాబ్‌కి వచ్చినప్పుడు, తన ట్యూబుల మీది 'నార్మల్'ను తనే కొట్టేసి, వాటిని రోగుల పెట్టెలో పెట్టారు.

"నేను పోయాక భయపడి నన్నందులో వదిలేయకు. పిలువు," అన్నారు.

ఇవాళ మిగిలింది ఆవిడ ఆఖరి ట్యూబు. "రండి రూతమ్మ గారూ, ఒక్క నిమిషం పనుంది" అన్నాను. ఫ్రీజర్ మోత ఒక్కసారిగా ఆగి, మళ్లీ మొదలైంది. పావుగంటకు ఆవిడ గుంట చిక్కటి నీలమైంది. పక్కన నార్మల్ వరసలో, నా పేరున్న గుంట కూడా లేతగా నీలం తిరిగింది.

కిట్‌ను ఏమీ అనలేదు. స్కానింగ్ గది బయట కూర్చుని ఇది రాస్తున్నాను. చాలా భయంగా ఉంది, కానీ ఈసారి ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యలేదు. మణికట్టు ఇంకా చల్లగానే ఉంది.