రోలర్ల మీద ఒక గంట

భావన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసిన సంగతి శ్రీనగర్ కాలనీలో వాళ్ల అపార్ట్‌మెంటంతా తెలిసిపోయింది. అయినా తల్లి హైమవతి మాత్రం అడిగినవాళ్లందరికీ "సెలవు పెట్టింది" అనే చెప్పుకొచ్చింది. అమీర్‌పేటలో కోర్సుల బోర్డుల కింద కుర్రాళ్లు తెల్లవారకముందే బారులు తీరి, అలాంటి ఉద్యోగం కోసమే నోట్సు రాసుకుంటున్న రోజులవి. చేతిలో ఉన్నదాన్ని వదిలేసిందని చెప్పుకోవడానికి ఆవిడకి నోరు రాలేదు.

ఆ కంపెనీలో భావన చేసింది ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాయడం. ఎంత పెట్రోలు పోయాలి, నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలి, అంతా సీటు ముందు ఎక్కడో దాగి ఉండే ఆ పెట్టెలోనే తేలుతుంది. ఏళ్ల తరబడి రాసింది. తను రాసినదానితో నడిచే కారు ఏ దేశంలో తిరుగుతోందో, ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. ఒక ఆదివారం తోటి ఉద్యోగి తన కారు తెచ్చి, కాస్త చురుకు పెంచగలవేమో చూడమన్నాడు. ల్యాప్‌టాప్ తగిలించి, లెక్కలు మార్చి, నెక్లెస్ రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కింది. సీటు వీపును ముందుకు నెట్టింది. ఆరోజు ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా తనలో తను నవ్వుకుంటూనే ఉందని హైమవతి తర్వాత ఎవరితోనో చెప్పింది, ఫిర్యాదులాగా.

అలా మొదలైంది. ఒకరి నుంచి ఒకరికి మాట పాకింది. హైటెక్ సిటీలో జీతాలు పెరుగుతున్నాయి, టర్బో కార్లు వస్తున్నాయి, వాటిని ఇంకా పరిగెత్తించాలన్న సరదా కూడా వస్తోంది. కానీ ఇలాంటి పని రోడ్డు మీద అంచనాతో చేస్తే ఇంజన్ ప్రాణం మీదికొస్తుంది. డైనో కావాలి. నేలలో పాతిన రోలర్ల మీద కారు చక్రాలు నిలబెట్టి, బెల్టులతో కట్టేసి నడుపుతారు. కారు కదలదు, చక్రాలు తిరుగుతాయి, వాటికి ఎంత బలం చేరుతోందో కంప్యూటర్ చెబుతుంది. అలాంటి యంత్రం కొనే స్తోమత భావనకు లేదు. అందుకని గంటల లెక్కన అద్దెకు తీసుకునేది.

అద్దెకిచ్చేది అచ్యుతరావు. పంజాగుట్ట చౌరస్తా వెనక సందులో, ఒకప్పుడు ఫర్నిచర్ గోడౌన్ ఉన్న చోట రేకుల షెడ్డు వేసి పెట్టాడు. గంటకు నాలుగు వేలు. గేటు దాటి కారు లోపలికి రాగానే గంట మొదలవుతుంది. బెల్టులు కట్టడం అందులోనే, ఇంజన్ చల్లారేదాకా ఆగడం అందులోనే, ఆయన బలవంతంగా తాగించే టీ కూడా అందులోనే. ఇంజన్ ముందు పెట్టే పెద్ద ఫ్యాన్‌కి వేరే చార్జీ. గంట మొత్తంలో చక్రాలు తిరిగేది కాసేపే. అడిగితే, "చూడమ్మా, మిషన్ కోసం నా ఇల్లు తాకట్టులో ఉంది" అని మెత్తగా అనేవాడు. ఆ మెత్తదనమంటే భావనకు ఒళ్లు జలదరించేది. అచ్చం నూనె రాసుకున్న చేత్తో తల నిమిరినట్టుండేది.

ఇంకొకటి ఉంది. ఎండ ఎక్కువున్నప్పుడు గాలి పలచబడి ఇంజన్ బలం కాస్త తగ్గుతుంది కాబట్టి, ఆ తగ్గినదాన్ని కలిపి చూపించే ఏర్పాటు ఆ కంప్యూటర్‌లో ఉంటుంది. అచ్యుతరావు కంప్యూటర్‌లో హైదరాబాదు డిసెంబరులో కూడా నిప్పుల కొలిమే. అందుకని అక్కడ ప్రింటయ్యే హార్స్‌పవర్ ఎప్పుడూ అసలుకంటే నాలుగు మెతుకులు ఎక్కువే. భావనకిది మొదటి నెలలోనే అర్థమైంది. ఊరుకుంది. కస్టమర్లు ఆ కాగితం పట్టుకుని సంతోషంగా వెళ్లేవారు, మళ్లీ వచ్చేవారు. ఊరుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టి, ఇంటికెళ్లాక చేతులు ఒకటికి రెండుసార్లు కడుక్కునేది.

రెండు వేల పన్నెండు వేసవిలో రఘురామ్ ఎర్ర కారు తెచ్చాడు. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీం లీడ్. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఒక గుంపు పెట్టుకుని, ఎవరి కారుకి ఎంత హార్స్‌పవర్ వచ్చిందో కాగితాల ఫొటోలు పెట్టుకునేవాళ్లు. రఘురామ్‌కి అందులో మొదటి స్థానం కావాలి.

"కారు బాగా నడవాలా, నంబరు రావాలా?" అని భావన మొదటిరోజే అడిగింది.

"రెండూ కావాలండీ" అన్నాడతను. తర్వాత నవ్వి, "ముందు నంబరు" అన్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం షెడ్డులో రేకులు కాలిపోతున్నాయి. చివరిదాకా తొక్కి బలం కొలిచే రన్‌లు రెండు బాగా వచ్చాయి. మూడోది సగంలో ఉండగా కరెంటు పోయింది. రోలర్లు మూలుగుతూ నెమ్మదించాయి. వెనకవైపు జనరేటర్ దడదడమంది, లైట్లు వెలిగాయి, కంప్యూటర్ లేచింది. కారు ముందున్న ఫ్యాన్ మాత్రం తిరగలేదు.

"ఫ్యాన్ వేయించండి" అంది భావన.

"జనరేటర్ మీద ఫ్యాన్ లాగదమ్మా" అన్నాడు అచ్యుతరావు. "ఒక్క రన్నేగా, కానివ్వండి."

"ఈ ఎండలో గాలి తగలకుండా తొక్కితే ఇంజన్ ఉడికిపోతుంది సార్. కరెంటు వచ్చేదాకా ఆగుదాం. టైము ఆపండి."

"టైము ఎలా ఆపుతానమ్మా? షెడ్డు మీ కోసమే ఖాళీగా పెట్టాను కదా. పైగా డీజిల్ కాలుతోంది. అది కూడా మీ ఖాతాలోనే."

రఘురామ్ చేతి గడియారం చూసుకున్నాడు. "ఏంటండీ భావన గారూ, ఒక్క రన్‌కి ఏమవుతుంది?"

"అవుతుంది" అని చెప్పి ఆమె కారు దిగింది. రేకుల కింద సిగ్నల్ అందదు. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి ఎప్పుడొస్తుందో కనుక్కుందామని గేటు దగ్గరికి వెళ్లింది. అవతల ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. అంతలో వెనక నుంచి ఇంజన్ అరుపు వినిపించింది. పైపైకి ఎక్కుతున్న అరుపు. ఆ గొంతు ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. అక్కడ ఆగలేదు.

పరిగెత్తుకొచ్చేసరికి స్టీరింగ్ ముందు రఘురామ్ కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్ దగ్గర అచ్యుతరావు నిలబడి, ఇంకా తొక్కమని చెయ్యి ఊపుతున్నాడు. "ఆపండి!" అని ఆమె బానెట్ మీద అరచేత్తో కొట్టింది. చెయ్యి చురుక్కుమంది. బానెట్ అంచుల నుంచి తెల్లటి ఆవిరి బుస్సుమని లేచింది. కారు కింద నుంచి, ఇంజన్‌ను చల్లబరిచే ఆకుపచ్చ నీళ్లు కారి, రోలర్ల సందులోకి పాకాయి. కాలిన చక్కెర లాంటి తియ్యటి వాసన షెడ్డంతా కమ్ముకుంది.

షెడ్డులో కార్లకు బెల్టులు కట్టే ఓదెలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నేను వద్దన్న మేడం" అన్నాడు మెల్లగా. "సారు ఇనలే. గాయన సుత ఎక్కి కూసుండు."

రఘురామ్ తలుపు తీసుకుని దిగాడు. దిగుతూనే అడిగిన మొదటి మాట, "ఎంత వచ్చింది?"

ఆ తర్వాతే అతను ఆవిరి చూశాడు. మొహం మాడిపోయింది. "ఇదేంటి? మీ సెట్టింగ్ వల్లేనా?"

"అమ్మాయి కొంచెం ఎక్కువ పెట్టినట్టుంది" అన్నాడు అచ్యుతరావు, జాలిపడుతున్నట్టు. "చిన్నపిల్ల. నేర్చుకుంటుంది."

భావన ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. వేడి గీత నిలువుగా లేచి ఉంది. "ఫ్యాన్ ఆగి ఉంది. అటు చూడండి" అంది. వాళ్లిద్దరూ ఫ్యాన్ వైపు చూడలేదు. అచ్యుతరావు రఘురామ్ భుజం మీద చెయ్యి వేసి ఏసీ గదిలోకి తీసుకుపోయాడు. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. ముందు రఘురామ్ చేతులు ఊపి అరిచాడు. తర్వాత కూర్చున్నాడు. టీ వచ్చింది. ప్రింటర్ కదిలింది.

బయటికొచ్చినప్పుడు రఘురామ్ చేతిలో కాగితం ఉంది. దాని మీదున్న అంకె ఆ కారు జన్మలో ఇవ్వనిది.

"ఇది ఏ రన్‌లో వచ్చింది?" అని అడిగింది భావన.

"చివరిదాంట్లో" అన్నాడు అచ్యుతరావు.

"చివరిదాంట్లో వచ్చింది ఆవిరి."

"వదిలేయండి భావన గారూ" అన్నాడు రఘురామ్. అతని కోపం ఎక్కడికి పోయిందో పోయింది. "ఇంజన్ పని సార్ సగం ధరకు చేయిస్తానన్నారు." కాగితాన్ని బానెట్ మీద పెట్టి ఫోన్‌తో ఫొటో తీసుకోబోయాడు. బానెట్ వేడికి కాగితం అంచులు ముడుచుకుంటున్నాయి. రెండు వేళ్లతో అదిమిపెట్టి, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ మళ్లీ పెట్టి తీశాడు. కింద ఇంకా చుక్కలు పడుతూనే ఉన్నాయి.

కాగితం అడుగున 'ట్యూనింగ్: భావన' అని ఉంది. ఆమె దాని మీద వేలు పెట్టింది.

"నా పేరు తీసేయండి" అంది.

"మంచి నంబరమ్మా. నీకే పేరొస్తుంది."

"తీసేయండి సార్."

అచ్యుతరావు నిట్టూర్చి, "మళ్లీ ప్రింటంటే యాభై అవుతుంది" అన్నాడు.

హాస్యమేమో అనుకుని ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన చెయ్యి చాపే ఉన్నాడు. భావన పర్సు తీసి యాభై ఇచ్చింది. గంట అద్దె, ఫ్యాన్ చార్జీ, డీజిల్ డబ్బులు కూడా ఆమె ముందే కట్టిన అడ్వాన్సులోంచే కోసుకున్నాడు. తిరగని ఫ్యాన్‌కి కూడా చార్జీ వేశాడు. ఆమె వాదించలేదు. ఆ షెడ్డులో ఇంకో నిమిషం ఊపిరి పీల్చడానికి ఇష్టం లేకపోయింది.

ఇంటికెళ్లి, హైమవతి పెట్టిన కంచం ముందు కూర్చుని లేచిపోయింది. "పెట్రోలు కంపు కొడుతున్నావు, ముందు స్నానం చెయ్యి" అంది తల్లి. పెట్రోలైతే బాగుండేది.

ఆ ఫొటో గుంపులో మొదటి స్థానంలో చాలాకాలం నిలిచింది. దాన్ని చూసి వారానికి ఇద్దరు ముగ్గురు భావనకు ఫోన్ చేసేవారు, రఘురామ్‌కి చేసినట్టే తమకూ చేయమని. కొత్త కాగితంలో పేరు తీయించుకున్నా, అంతకుముందే తీసిన ఫొటోలో అది ఉండనే ఉంది, ఎవరు చేశారో అందరికీ తెలుసు. ఆమె చేయనంది. కొందరు ఎక్కువిస్తామన్నారు. వర్షాకాలంలో రఘురామే ఫోన్ చేశాడు. ఇంజన్ బాగుచేయించాడట. ఎవరో కొత్తవాడు అతని అంకె దాటేశాడట. "ఇంకో గంట బుక్ చేద్దామండీ, అద్దె నేనే పెట్టుకుంటాను" అన్నాడు. కారు ఎలా నడుస్తోందని ఆమె అడిగింది. "నడపడం ఎక్కడ, ఈ ట్రాఫిక్‌లో?" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి, ఆ నంబరు మళ్లీ రాకుండా చేసుకుంది.

కొన్నాళ్లు ఖాళీగా ఉంది. పాత ఆఫీసువాళ్లు పిలిస్తే వెళ్దామా అని కూడా అనుకుంది. అప్పుడొచ్చాడు పెంటయ్య. కంపెనీ ఉద్యోగులను ఇళ్ల నుంచి హైటెక్ సిటీకి చేరవేసే డీజిల్ క్యాబులు నాలుగున్నాయతనికి. ఎస్.ఆర్. నగర్‌లో ఉంటాడు. ఓదెలుకు ఏదో వరస అవుతాడు, అతనే పంపాడు.

"నాకు స్పీడు గీడు వద్దు మేడం. లీటరుకు జర ఎక్కువ పోవాలె, గంతే" అన్నాడు. బేరం మాత్రం సంతలో ఎద్దును కొంటున్నట్టు ఆడాడు. భావనకు చిరాకేసింది. అయినా ఒక బండి తీసుకుంది. రోలర్లు లేవు, షెడ్డు లేదు. లెక్కలు మార్చి, ట్యాంకు నింపించి, వారం తిప్పమంది.

వారం తర్వాత పెంటయ్య అమీర్‌పేట మైత్రీవనం ఎదురుగా బండి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏం పెరగలే మేడం. ఎప్పటిలెక్కనే ఇస్తుంది. కొండాపూర్ ఎక్కుడు కాడ జర గుంజుతలేదు సుత" అన్నాడు.

మొహం మీదే చెప్పాడు. భావన కిటికీ దగ్గరికి వంగింది. ఎంతకాలమైంది, ఎవరైనా తనకు ఉన్నది ఉన్నట్టు చెప్పి!

"ఎక్కడ గుంజట్లేదో చూపిస్తావా?" అంది.

"ఇప్పుడా? పికప్ ఉంది మేడం."

"ఉండనీ. నేనూ వస్తాను."

ముందు సీట్లో కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. పంజాగుట్ట దాటేసరికి వాన మొదలైంది. ఒక వైపర్ పనిచేయట్లేదని పెంటయ్య తిడుతున్నాడు. బండి కొండాపూర్ ఎత్తు ఎక్కుతుంటే భావన తెర మీద కదులుతున్న గీతలు చూస్తూ, "గేరు మార్చకు, అలాగే పోనీ" అంది.