ఒంటి సీటు బండి

చేతిలో ఒక స్పానర్ ఉంటే చాలు, ఈ లోకంలో తాను విప్పలేనిదీ బిగించలేనిదీ లేదనుకునే వయసు ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాకది కాస్త గట్టిగానే పట్టుకుంది. ఐటిఐ పాసై ఆరు నెలలయింది. మీసం సగమే వచ్చింది గానీ ధైర్యం మాత్రం పూర్తిగా వచ్చేసింది. మాది లేపాక్షి. ఆదివారం పొద్దున బెంగుళూరు కుర్రవాళ్లు గుంపుగా మోటారుసైకిళ్ల మీద వచ్చి, బసవన్న ముందర బండ్లు వరసగా నిలిపి, ఫొటోలు తీసుకుని పోయేవాళ్లు. వాళ్లు బసవన్నను చూసేవాళ్లు, నేను వాళ్ల బండ్లను చూసేవాణ్ణి. అలా ఒకనాడు ఒక నల్ల బండి నా కంటబడింది. కిందికి వంగిన హ్యాండిల్, పొడుగాటి ట్యాంకు, ఒక్కడు కూర్చునేంత సీటు, దాని వెనక ఇక ఏమీ లేదు. పాత బండిని కోసి ఇంట్లోనే ఇలా చేసుకున్నానని దాని యజమాని చెప్పాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మా నాయన పరుపులు కుడతాడు. దూది ఏకే మిషను మా ఇంటి ముందరి రేకుల కొట్టంలోనే ఉండేది. ఆయన దగ్గర ఒక పాత బండి, దాని వెనక మంచమంత క్యారియర్. (మాటవరసకు అనడం లేదు, దాని మీద రెండు డబుల్ కాట్ పరుపులు పోయేవి.) ఆ యేడు పరుపులు మోయడానికి ఆయన ట్రాలీ ఆటో కొన్నాడు కాబట్టి బండి మూలనపడింది. నాకిమ్మని అడిగితే నాయన కాసేపు నన్నూ, కాసేపు బండినీ చూశాడు. "తీస్కో. రంజాన్ నెల పుట్టేదాకా చూస్తా. ఆలోపల అది నీకు కూడు పెట్టే దారి చూపిస్తే సరి. ల్యాకుంటే గమ్మున వచ్చి నాతోపాటు దూది ఏకాల" అన్నాడు. పరుపుల పని అంటే నాకు చిన్నచూపని కాదు. (నిజం చెప్పాలంటే చిన్నచూపే.) ఒంటి మీద దూది పోగులతో బస్టాండు దాటాల్సి వస్తే సందుల్లోంచి తిరిగిపోయేవాణ్ణి.

కూడు పెట్టే దారిని నేను ముందే చూసి పెట్టుకున్నాను. చిలమత్తూరు దగ్గర రోడ్డు పక్కన ఒకాయన గ్యారేజీ పెట్టి, అచ్చం ఆ నల్లబండి లాంటివే తయారుచేసేవాడు. చాలా ఏళ్లు బెంగుళూరులో పనిచేసి వచ్చాడని అందరూ ఆయన్ను బెంగుళూరు మేస్త్రీ అనేవాళ్లు. పని ఇమ్మని అడిగితే తలెత్తకుండానే జవాబిచ్చాడు. "నోటితో చెప్పేది నాకొద్దప్పా. నువ్వు చేసిన బండి మీద రా, చూస్తా. వచ్చేటప్పుడు మీ నాయన్ను పిల్చుకోని రా. పెద్దోళ్లతో మాట్లాడకుండా నేనెవర్నీ పెట్టుకోను." మొదటి మాట విని తలూపాను, రెండో మాటా విని తలూపాను. ఆ రెంటినీ కలిపి ఆలోచించే తీరిక మాత్రం నాకు దొరకలేదు.

మర్నాడే పని మొదలుపెట్టాను. ముందుగా రంపపు బ్లేడుతో క్యారియర్ కోశాను. చేయి ఊపు మీద ఉంది గదా అని వెనక సీటు కిందున్న ఇనుమును కూడా కోశాను, జానెడు మిగిలింది. వెనక కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకునే కడ్డీలు నా బండి అందానికి అడ్డంగా కనిపించాయి, అవీ పోయాయి. మా అమ్మ గడపలో కూర్చుని చింతకాయలు కొడుతూ అంతా చూసింది. "ఉండే బండిని కోసి సగం చేసేదానికి ఐటిఐ చదవాల్నా? ఆ పని కత్తిపీటతో నేనైనా చేస్తా గదరా" అంది. నేను పట్టించుకోలేదు. గుజిరీ అంగడిలో పాత ఇనుప సామాన్ల మధ్య ఒక పొడుగాటి ట్యాంకు దొరికింది. నీళ్ల పైపు వంచి హ్యాండిల్ చేశాను. సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసి కిక్ కొడితే ఎదురింటి పొట్టేలు గుంజతో సహా పారిపోయింది. (సాయంత్రానికి పొట్టేలు దొరికింది, గుంజ దొరకలేదు.)

సీటు దగ్గర చిక్కుబడ్డాను. రేకు వంచి స్పాంజి అతికిస్తే దాని మీద పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను. నాయన రెండు రోజులు చూశాడు. మూడో రోజు "ఏదీ, కూర్చో దాని మీద" అన్నాడు. కూర్చున్నాను. చుట్టూ తిరిగి, వెనక నిలబడి చాలాసేపు చూసి, సీటును ఊడదీసి కొట్టంలోకి తీసుకుపోయాడు. అడుగున కొబ్బరి నార, మధ్యన దూది, పైన నల్ల రెక్సిన్ పెట్టి, పరుపులు కుట్టే సూదితోనే కుట్టి తెచ్చాడు. నేను సంతోషించానా అంటే లేదు. బెంగుళూరు బండికి పరుపులాయన సీటా అని లోపల్లోపల గొణుక్కున్నాను. పని దొరికాక హిందూపురంలో మంచి సీటు కొనుక్కుందాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రంజాన్ నెలకు ఇంక నాలుగు రోజులున్నాయనగా రంగు కొట్టడం ఒక్కటే మిగిలింది. ఆషాఢం గాలి అప్పటికే మొదలై ఊరంతా దుమ్ము లేపుతోంది. తడి రంగు మీద దుమ్ము పడితే పనంతా పాడవుతుందని నాకు తెలుసు. (ఐటిఐలో చెప్పారు.) అందుకని బాగా ఆలోచించి, గాలి దూరని చోటు చూసి, ట్యాంకును దూది కొట్టంలో తాడుకు వేలాడదీసి నల్ల రంగు కొట్టాను. అద్దంలా వచ్చింది. చేతులు కడుక్కుని అన్నానికి పోయాను. నేను సంగటి ముద్ద మింగుతుండగా నాయన సంత నుంచి వచ్చి మిషను స్విచ్చి వేశాడు. తిరిగి వచ్చి చూస్తే నా ట్యాంకుకు నిండా తెల్లటి గడ్డం ఉంది. "రంగు కొట్టేదానికి నీకు ఊర్లో ఇంగో జాగా దొరకల్యాదా?" అని నాయన నన్నే అడిగాడు. గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ వేళ్లు పుండ్లయ్యాయి, గడ్డం మాత్రం పూర్తిగా పోలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ దగ్గరికి పోవడానికి బండి బయట పెట్టాను. నాయన తెల్లచొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని వచ్చి, బండి వెనక నిలబడ్డాడు.

"నేను యాడ కూర్చునేది?" అన్నాడు.

మేస్త్రీ చెప్పిన రెండు మాటలూ అప్పుడు నా బుర్రలో కలిశాయి. నాలుగు నెలలు రేయింబవళ్లు కష్టపడి, ఇద్దరం పోవాల్సిన చోటికి ఒక్కడే పోగల బండి చేశాను. "నువ్వు బస్సులో రా నాయనా" అన్నాను మెల్లగా. "నేను బస్సులో పోతే, ఇది నిల్చిపోయిన కాడ నెట్టేదెవరు?" అన్నాడు ఆయన. లోపలికి పోయి గుండ్రటి దిండొకటి తెచ్చి, మిగిలిన ఆ జానెడు ఇనుముకు తాడుతో కట్టి, దాని మీద కూర్చుని రెండు కాళ్లూ పక్కలకు చాపాడు. ఆ దారి పొడవునా నేను సిగ్గుతో ట్యాంకు మీదికి వంగిపోయాను. నాయన మాత్రం నిటారుగా కూర్చుని, సైలెన్సర్ మోతను మించిన గొంతుతో తెలిసినవాళ్లందరికీ "మీ పరుపు శనివారం ఇస్తాన్నా" అని చెబుతూ వచ్చాడు.

మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "వెల్డింగ్ కోడి రెట్ట వేసినట్ల ఉండాది. హ్యాండిల్ తిప్పితే వేళ్లు ట్యాంకుకు తగుల్తాండాయి. ఈ ట్యాంకు మీద వెంట్రుకలేందప్పా?" అన్నాడు. నాయన రోడ్డు వైపు తిరిగి లారీలను చూడసాగాడు. ఇక జీవితమంతా దూదేనని నిశ్చయమైపోయింది. అప్పుడు మేస్త్రీ బండెక్కి కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. అటూ ఇటూ కదిలాడు, కింద చెయ్యి పెట్టి నొక్కి చూశాడు.

"సీటు ఎవరు కుట్టినారు?"

"నేనేలే" అన్నాడు నాయన.

"బాగా కుట్టినావు. అయితే ఎడమ పక్క ఎత్తుగా ఉండాదే."

"ఉంటాది. చిన్నప్పుడు వీణ్ణి ఇదే బండి మీద, పరుపుల పైన కూర్చోబెట్టుకోని పోతాంటే జారి కిందపడినాడు. తప్పు నాదే, తాడు సరిగా కట్టల్యా. అప్పట్నుంచి కూర్చుంటే ఎడమకు వాలతాడు. వానికే తెల్దు. అందుకని ఆ పక్క ఒక పిడికెడు దూది ఎక్కువ పెట్టినా."

నిజంగానే నాకు తెలియదు. ఆ క్షణం నేను నాయన ముఖం చూడలేక బండి చక్రం చూస్తూ నిలబడ్డాను.

"నాకు నెలకు పది సీట్లు కావాల. కుడ్తావా?" అన్నాడు మేస్త్రీ.

"నేను నా పని కోసం రాలేదప్పా. వాణ్ణి పెట్టుకుంటే కుడ్తా. ల్యాకుంటే మాకు పరుపులు చాలు."

మేస్త్రీ నన్ను పైనుంచి కిందికి చూసి, "వీనికి ఇంకా చెయ్యి తిరగల్యాదు గానీ భయం ల్యాదు. రమ్మను. ఏడాది దాకా వెల్డింగ్ కడ్డీ ముట్టుకోకూడదు, ఇప్పుడే చెప్తాండా" అన్నాడు. ఊరంతా మాత్రం, నా బండి చూసి మేస్త్రీ మూర్ఛపోయి పనిచ్చాడని చెప్పుకున్నాను. తిరుగు ప్రయాణంలో నాయన తాళం తీసుకుని ముందు కూర్చున్నాడు. "దిండు మీద నువ్వు కూర్చో, నీకూ తెలియాల" అన్నాడు. ఇల్లు చేరేసరికి ఐటిఐ చెప్పని సంగతులు చాలా తెలిశాయి.

ఇప్పుడు అదే రోడ్డు మీద నాకూ ఒక గ్యారేజీ ఉంది. లోపలి గదిలో నాయన సీట్లు కుడుతూ, నా వెల్డింగుకు ఇప్పటికీ వంకలు పెడుతూ ఉంటాడు. ఆ పాత బండికి హ్యాండిల్ మార్చాను, ట్యాంకుకు మళ్లీ రంగు కొట్టాను (ఆరుబయట), వెనక ఇంకొకరు కూర్చునే చోటు కూడా అతికించాను. అప్పట్లో నేను చేసిందంటూ దాని మీద ఇప్పుడు ఏమీ మిగల్లేదు. మొన్న ఒక బెంగుళూరు అబ్బాయి దాన్ని కొంటానని ఎక్కి కూర్చుని, కాసేపటికి సర్దుకుని, సీటు వంకరగా ఉందన్నాడు. "అది నీకు కుదరదులేప్పా" అని లోపల్నుంచి నాయన అన్నాడు. ఆ అబ్బాయి పోయాక నేనెక్కి కూర్చున్నాను. బండంతా నేనే చేశానని ఛాతీ విరుచుకు తిరిగిన ఆ సగం మీసం మొనగాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇన్నేళ్లయినా కుర్చీలో కూర్చుంటే ఎడమకే వాలతానని నా భార్య అంటుంది. ఈ సీటు మీద మాత్రం నేను ఏ పక్కకూ వాలను.